నాలుగంటే నూట నలభై

ఆ శుక్రవారం పొద్దున్న కలకత్తా వాట్‌గంజ్‌లో అప్పలసూరి ఇంట్లో తలపెట్టినది చాలా చిన్న పని. నాలుగు భోజనాలు వండాలి. పన్నెండుకల్లా క్యారేజీల్లో సర్ది ఆటో ఎక్కించాలి. ఒంటిగంటకల్లా అవి సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో మనవడి ఆఫీసుకి చేరాలి. అంతే. అప్పలసూరి భార్య జగ్గమ్మకి నాలుగు భోజనాలు ఒక పనేనా? కొడుకు పోలిరాజు పెళ్ళినాడు, అదే, కుంభవృష్టి కురిసి ట్రాములు ఎక్కడివక్కడ ఆగిపోయి, లిలువా నుంచి రావలసిన ఆడపెళ్ళివారు హౌరా వంతెన దిగిన దగ్గర్నుంచి మోకాళ్ళ నీళ్ళలో నడిచి వచ్చిన రోజున, తడిసిన బొగ్గులతో రెండు వందల మందికి వండి పెట్టిన చెయ్యి ఆమెది. ఆనాటి పప్పులో ఉప్పు ఎక్కువైందని వియ్యపురాలు అన్న మాట కూడా ఆమెకి ఇంకా గుర్తే. కానీ అది ఇప్పుడు మన కథ కాదు.

మన కథ ప్రసన్నకుమార్‌ది. పోలిరాజు కొడుకు. అందరూ డాక్ కూలీలే ఉన్న ఆ సందులో, సెక్టర్ ఫైవ్‌కి వెళ్ళే ఆఫీసు బస్సు ఎక్కిన మొదటి పిల్లవాడు. ఆరు నెలలుగా వెళ్తున్నాడు గానీ, అది ఇంకా 'చూద్దాం' అనే ఉద్యోగమే. ఆ రోజు చూపించబోయే పని బాగుంటే పర్మనెంట్ కాగితం ఇస్తారు. లేదంటే నెలాఖరుకి బస్సు పాసు తిరిగి ఇచ్చెయ్యాలి. జగ్గమ్మ అప్పటికే సందులో పదకొండు ఇళ్ళకి ఆ కాగితం వచ్చేసిందనే చెప్పేసింది. కాబట్టి అది రాకపోతే తలవంపులు ఒక్క ప్రసన్నకుమార్‌కే కాదు.

ఆ పని ఏమిటంటే, ఆఫీసు క్యాంటీన్లకి భోజనాలు పురమాయించే సాఫ్ట్‌వేర్. ఇక్కడ తెర మీద నొక్కితే అక్కడ వంటింటివాళ్ళ ఫోనుకి మెసేజీ వెళ్తుంది, వాళ్ళు వండి పంపుతారు. చూడటానికి వచ్చేది బాగ్చీ అనే బెంగాలీ పెద్దమనిషి, మూడు భవనాల క్యాంటీన్లు చూసుకునే ఆయన. ఉత్తుత్తి వంటిల్లు పెడితే ఆయన నమ్మడని ప్రసన్నకుమార్ తన తల్లి సత్యవేణి నంబరు పెట్టాడు. ఆమె ముందు గదిలో గ్యాసు పొయ్యి మీద వండి, పోర్టు గుమస్తాలు పదిహేను మందికి రోజూ క్యారేజీలు పంపుతుంది. ఇంట్లోవాళ్ళకి మాత్రం వెనక వసారాలో జగ్గమ్మ పొయ్యే. అందుకే ఆ ఇంట్లో చారు రెండు రకాలు. ముందు గదిలో టమాటా చారు, వెనక వసారాలో చింతపండు చారు. ఇరవై ఆరేళ్ళుగా ఒకరి చారు జోలికి ఒకరు వెళ్ళలేదు. ఆ ఇంట్లో శాంతికి అదే కారణం.

"అమ్మా, తొమ్మిదింటికి నీ ఫోనుకి మెసేజీ వస్తాది. నాలుగు ప్లేట్లు. నాకు మాత్రం ఫోన్లు చెయ్యకండి, మీటింగుల్లో ఉంటాను," అన్నాడు ప్రసన్నకుమార్ బూట్లు వేసుకుంటూ.

"ఫోను చెయ్యకపోతే ఎలాగరా? కూరలో ఆవ ఎక్కువ తింటారో తక్కువ తింటారో అడగద్దా?"

"ఆవపిండి కోసం ఆఫీసుకి ఫోనేటమ్మా! మెసేజీలో ఏదుంటే అదే. దాని మాటే మాట."

ఆ చివరి మాట మంచం మీద కూర్చుని టీ తాగుతున్న అప్పలసూరి విన్నాడు. వినకుండా ఉంటే ఈ కథే లేదు.

అప్పలసూరి నలభై ఏళ్ళు కిడ్డర్‌పూర్ డాక్‌లో పనిచేసి, ఆఖరి పద్దెనిమిదేళ్ళు గ్యాంగుకి సర్దారుగా ఉన్నాడు. ఓడ వచ్చిందంటే ఆఫీసు కిటికీలోంచి చీటీ వచ్చేది. ఇన్ని చేతులు కావాలని అందులో అంకె ఉండేది. అంకె చూడటం, అంతమందినీ దింపడం, అంతే సర్దారు పని. ఎందుకు, ఏమిటి అని అడగకూడదు. ఒకసారి గవరయ్య అనే సర్దారు 'ఇంత చిన్న ఓడకి అరవై మంది ఎందుకు బాబూ' అని అడిగాడు. అతని గ్యాంగుకి మళ్ళీ పదకొండు రోజుల దాకా చీటీ రాలేదు. అప్పలసూరికి అక్షరాలు రావు గానీ అంకెలు ఎవరి లిపిలో ఉన్నా చదువుతాడు. పెట్టెల మీదా బస్తాల మీదా నలభై ఏళ్ళు చదివినవి అవే మరి.

తొమ్మిదింటికి సత్యవేణి ఫోను చార్జింగులో పెట్టి, ఒక లేత పనసకాయ కోసం బజారుకి వెళ్ళింది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర జగ్గమ్మ చేతి వంట. బెంగాలీవాళ్ళకి పనసకాయ కూరంటే ప్రాణం కాబట్టి అదే చెయ్యాలని ముందు రోజే అనుకున్నారు. ఆమె అటు వెళ్ళింది, ఇటు ఫోను మోగింది. అప్పలసూరి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"ఒలే జగ్గా, చీటీ వచ్చింది."

"నాలుగే గదా?"

"నూట నలభై."

జగ్గమ్మ చేతిలో బియ్యం చేట ఆగింది. "నాలుగన్నాడు గదేటయ్యా, పొద్దున్న?"

"అన్నాడు. ఆ తరవాత ఆఫీసోళ్ళు మనసు మార్చుకునుంటారు. ఆడే అన్నాడు గదా, దాని మాటే మాటని."

"ఓపాలి ఫోను చేసి అడుగు."

"చీటీ వచ్చాక అడగడమేటే? గవరయ్య గతి తెల్దా నీకు?"

గవరయ్య గతి జగ్గమ్మకి బాగా తెలుసు. గవరయ్య ఆమెకి మేనబావే. మారు మాట్లాడకుండా చేట కింద పెట్టి, సందులోకి తలపెట్టి కేకేసింది. ఆ కేకకి మొదట సుందరి వచ్చింది, సుందరి వెనక ఆమె తోడికోడలు, ఆమె వెనక కత్తిపీటలు. అమ్మవారి పండక్కి సందులోవాళ్ళంతా కలిసి కొనుక్కున్న గుండిగలు అటక మీంచి దిగాయి. అప్పలసూరి బజారుకి మనుషుల్ని పంపి, లేత పనసకాయలు కనిపించినవన్నీ తెమ్మన్నాడు.

అదే సమయంలో సెక్టర్ ఫైవ్‌లో ప్రసన్నకుమార్ తెర మీద 'పంపించాం: 4' అని పచ్చగా చూసుకుని మురిసిపోతున్నాడు. అతని పై అధికారి లక్ష్మీసౌజన్య హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి. ఏదైనా రెండుసార్లు చూడందే నమ్మదు.

"ఇంకోపారి నొక్కు, చూస్త," అంది.

నొక్కాడు. పచ్చగా నాలుగు.

"గోడ మీది పెద్ద తెరకు కూడ మంచిగ కనబడుతదా? ఇంకోపారి."

నొక్కాడు. గోడంత నాలుగు.

ఇలా మూడుసార్లు నొక్కితే ఇంటికి మూడు మెసేజీలు వెళ్ళవా అని మీకు అనుమానం రావచ్చు. ప్రసన్నకుమార్‌కీ వచ్చింది. అందుకే రోజుకి ఒక్కసారే పంపాలని తన ప్రోగ్రాం రాతలో ముందే రాసుకున్నాడు.

ఈ రాత సంగతి కాస్త చెప్పుకోవాలి, లేకపోతే ముందు ముందు తికమక. అసలు పనంతా హైదరాబాదులో రఘురాం అనే ఆయన చేసి, ఒక డబ్బాలో పెట్టి మూత బిగించి అన్ని ఊళ్ళకీ పంపాడు. వాళ్ళ భాషలో ఆ డబ్బాని అసెంబ్లీ అంటారు. అందులో తల్లి క్లాసు, అంటే మిగతావి పోలికలు తెచ్చుకునే మూల అచ్చు, ఒకటి ఉంటుంది. ఎన్ని ప్లేట్లు, రోజుకి ఎన్నిసార్లు పంపాలి, ఇలా ఒక్కో ప్రశ్నకి జవాబు చెప్పే పద్ధతి ఒక్కోటి ఉంటుంది, దాన్ని మెథడ్ అంటారు. ఏ ఊరివాళ్ళూ వేరే చెప్పకపోతే తల్లి చెప్పే జవాబులు, నూట నలభై, ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు. కలకత్తాలో ప్రసన్నకుమార్ తన సొంత డబ్బాలో పిల్ల క్లాసు రాసి, అవే పేర్లతో పద్ధతులు పెట్టి, నాలుగు అనీ, ఒక్కసారే అనీ చెప్పాడు. తల్లి జవాబు బదులు పిల్ల జవాబు చెల్లేట్టు చెయ్యడాన్ని ఓవర్‌రైడ్ అంటారు. అది చేశాననే అతను అనుకున్నాడు.

వాట్‌గంజ్‌లో రెండో చీటీ తొమ్మిదీ ఇరవైకి, మూడోది తొమ్మిదీ నలభైకి వచ్చాయి. మూడింటి మీదా అదే అంకె.

"నాలుగొందల ఇరవై," అన్నాడు అప్పలసూరి. ఆ గొంతులో భయం లేదు సరికదా, గర్వం ఉంది. "మనవడంటే మనవడే. పెద్ద ఓడే దించుతన్నాడు."

పది గంటలకి సత్యవేణి చంటిపిల్లంత పనసకాయ చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి, సందు మొదటి నుంచి చివరి దాకా ఆడవాళ్ళు చేతులకి నూనె రాసుకుని పనసకాయలు కొడుతున్నారు. ఆమె గ్యాసు పొయ్యి మీద ఎవరిదో గుండిగ ఎక్కి ఉంది.

"ఏటైందత్తా? ఎవరు పోయారు?" అంది భయంగా.

"పోవడమేటే! నీ కొడుక్కి నాలుగొందల ఇరవై భోజనాలు. ఆ బుల్లికాయ అక్కడ పడేసి కొబ్బరి కోరు."

సత్యవేణి కొడుకుకి ఫోను చేసింది. తియ్యలేదు. మళ్ళీ చేసింది. పదిహేడుసార్లు చేసింది. ఫోను గొంతు నొక్కి జేబులో పెట్టుకున్న కొడుకు, ఆ పదిహేడూ పదింబావు తరవాత ఎప్పుడో చూసుకుని, ఎవరికో ఏదో అయిందని కంగారుగా మెట్ల దగ్గరికి పరిగెత్తి ఫోను చేశాడు. తీసింది అప్పలసూరి.

"కంగారు పడకు బావూ. రెండు గుండిగలు దిగిపోనాయి. నూట నలభైలు మూడూ ఒంటిగంటకి నీ గుమ్మంలో ఉంటాయి."

"నూట నలభైలేటి తాతా? నాలుగు! నేను పంపింది నాలుగు!"

"చీటీ మీద నూట నలభై ఉంది."

"తప్పు చదివావేమో!"

అప్పలసూరి ఫోను మంచం మీద పెట్టేశాడు. అంకె తప్పు చదివావని అప్పలసూరిని నలభై ఏళ్ళలో ఒక్క ఓడ కెప్టెన్ కూడా అనలేదు. ఫోను సత్యవేణి తీసుకుని, మెసేజీల ఫోటో తీసి పంపింది. మూడు వరసలు, మూడు నూట నలభైలు. ప్రసన్నకుమార్ మెట్ల మీదే కేక పెట్టాడు.

"అమ్మా, వంట ఆపించు! తప్పైపోయింది, నాలుగే!"

సత్యవేణి ఆ మాట అప్పలసూరితో చెప్పింది. అప్పలసూరి ఫోను తిరిగి పుచ్చుకున్నాడు. "నోటి మాట మీద చీటీ ఆగదురా. డాక్‌లో పెద్ద దొరొచ్చి అరిచినా ఆగేది కాదు. ఏ కిటికీలోంచి చీటీ వచ్చిందో ఆ కిటికీలోంచే మళ్ళీ రావాల."

"ఆ కిటికీ నేనే తాతా!"

"నువ్వైతే నువ్వే పంపు."

అదే కదా గొడవ. పంపితే నాలుగు వెళ్తుందా, నూట నలభై వెళ్తుందా అతనికే తెలియదు. సీటు దగ్గరికి పరిగెత్తి లక్ష్మీసౌజన్యకి ఫోటో చూపించాడు. ఆమె ఫోటో చూసింది, తెర చూసింది, మళ్ళీ ఫోటో చూసింది.

"తెర మీద నాలుగు. ఫోన్ల నూట నలభై. గట్లెట్లయితది? నాకేం సమజైతలేదు."

"నాకూ అంతే, దీ," అన్నాడు ప్రసన్నకుమార్. కలకత్తాలో అక్కని అలాగే పిలుస్తారు.

తాను రాసింది పై నుంచి కిందకి చదివాడు. నాలుగు అనే ఉంది. కింద నుంచి పైకి చదివాడు. అప్పుడూ నాలుగే. అంతలో ఫోను మళ్ళీ వణికింది. ఈసారి జగ్గమ్మ.

"ఒరే, ఆవ ఎక్కువెయ్యనా, తక్కువెయ్యనా?"

"నాయనమ్మా!" ప్రసన్నకుమార్‌కి ఏడుపు ఒక్కటే తక్కువ. "నా క్లాసులో నాలుగని రాశాను. తల్లి క్లాసులో పద్ధతికి ఏ పేరుందో అదే పేరు పెట్టాను. నా తెర నాలుగే చూపిస్తంది. వెళ్ళేది మాత్రం తల్లి అంకె. పేరు అదేనే, అక్షరం తేడా లేదు!"

"పేరు ఒకటైతే ఏటిరా? మనింట్లో చారు పేరు ఒకటి కాదేటి?" అంది జగ్గమ్మ, గరిటె చప్పుడు మధ్య. "ముందు గదిలో అడిగినోడికి మీ అమ్మ చారే పోస్తారు. మీ తాత వెనక వసారాలో కూకుని చారెయ్యమంటే నాను పోసేది నా చారే. మీ అమ్మ ముందు గదిలో టమాటాలేసి ఎంత గొప్పగా కాచుకున్నా, నా కుండకి తెలుస్తాదేటి? నా కుండలో దాన్ని ఏనాడైనా చెయ్యెట్టనిచ్చానా?"

ప్రసన్నకుమార్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు. జగ్గమ్మ ఆవ ఎక్కువే వేసేసి ఫోను పెట్టేసింది.

మూడు వారాల కిందటి సంగతి అప్పుడు గుర్తొచ్చింది అతనికి. ఆ రోజు బుద్ధిగా ఓవర్‌రైడ్ అనే మాట రాస్తే, ఎర్ర గీత పడింది. 'మార్చడానికి అలాంటి పద్ధతి ఏదీ కనబడలేదు' అంది యంత్రం. పేరు సరిచూశాడు, సరిగ్గానే ఉంది. మరి ఎందుకు కనబడదో అర్థం కాక, గంటసేపు బుర్ర గోక్కుని, ఓవర్‌రైడ్ అనే మాటే చెరిపేశాడు. ఎర్ర గీత పోయింది. ఆ ఆనందంలో సందులోవాళ్ళకి సందేశ్ మిఠాయి కూడా పంచాడు.

"నా తెర నన్ను అడుగుతోంది, నాలుగు చెబుతున్నాను, దీ. మెసేజీ పంపే పని మాత్రం రఘురాం గారి డబ్బా లోపల జరుగుతోంది. ఆ డబ్బా నన్ను అడగదు, తన పద్ధతినే అడుగుతుంది. నేను రాసింది దానికి సవరణ కాదు. పక్కింట్లో కాచిన వేరే చారు."

"ఏం చారు?" అంది లక్ష్మీసౌజన్య. అయినా రఘురాంకి ఫోను కలిపి స్పీకర్ పెట్టింది. అప్పుడు పదకొండు దాటింది.

"ఆ పద్ధతులు లోపలివండీ," అన్నాడు రఘురాం తాపీగా. "ఇంటర్నల్ అని రాసి ఉంచాను కదా. మా డబ్బాలో ఉన్నవాళ్ళకే అవి కనబడతాయి. బయటవాళ్ళకి కనబడవు."

"ఏ ఊరివాళ్ళు ఆ ఊరికి తగ్గట్టు మార్చుకోవచ్చన్నారు కదా సార్?" అన్నాడు ప్రసన్నకుమార్.

"ఎవరన్నారు?"

"మీరే సార్. మీరు పంపిన పుస్తకం, ముప్పయ్యో పేజీ."

అవతల కాగితాలు తిరిగిన చప్పుడు. చాలాసేపు తిరిగాయి. "ఉందండీ," అన్నాడు చివరికి, కొంచెం చిన్న గొంతుతో. "రెండింటికీ ప్రొటెక్టెడ్ ఇంటర్నల్ అని మారుస్తాను. అంటే మా ఇంట్లోవాళ్ళు, ఇంకా ఏ ఊళ్ళో ఉన్నా సరే ఆ తల్లి క్లాసుకి పుట్టిన పిల్లలు, ఎవరైనా ముట్టుకోవచ్చు. కొత్త డబ్బా అన్ని ఊళ్ళకీ పంపిస్తున్నాను."

పదకొండున్నరకి కొత్త డబ్బా వచ్చింది. ప్రసన్నకుమార్ ఈసారి ఒక్క అక్షరం కూడా తన సొంతం కలపలేదు. రఘురాం అన్నట్టే ప్రొటెక్టెడ్ ఇంటర్నల్ ఓవర్‌రైడ్ అని రాశాడు. ఎర్ర గీత పడింది. 'ఎవరు ముట్టుకోవచ్చన్న హద్దుని మార్చకూడదు' అంది యంత్రం.

"మార్చడమేంది?" లక్ష్మీసౌజన్య కుర్చీలోంచి లేచింది. "ఆయన రాసిన మాటే రాసినవు గద! ఉన్నదున్నట్టు రాస్తే మార్చినవ్ అంటదేంది ఇది?"

కింద బాగ్చీ కారు ఆగిందని గేటు దగ్గర్నుంచి కబురొచ్చింది. ప్రసన్నకుమార్ కళ్ళు మూసుకున్నాడు. కళ్ళ ముందు వెనక వసారా, అందులో కుండ కనబడ్డాయి. ఆ కుండలో చెయ్యి పెట్టే హక్కు ఎవరికి? ఆ ఇంట్లో ఉండేవాళ్ళకి, ఎక్కడున్నా సరే కడుపున పుట్టినవాళ్ళకి. తాను రఘురాం ఇంట్లో లేడు. తనకి వచ్చేది పుట్టినందుకు వచ్చే వాటా ఒక్కటే.

"దీ, ఇంటర్నల్ అన్న మాట ఎవరింట్లో రాస్తే ఆ ఇల్లే అవుతుంది. రఘురాం గారు రాస్తే వాళ్ళ ఇంటివాళ్ళు. నేను ఇక్కడ రాస్తే మన డబ్బాలో ఉన్న ప్రతివాడికీ తాళంచెవి ఇచ్చినట్టు. అది తల్లి ఎప్పుడూ ఒప్పుకోలేదు. మాట ఒకటే గానీ హద్దు మారిపోతోంది." ఇంటర్నల్ అన్న మాట రెండు చోట్లా చెరిపేశాడు. ప్రొటెక్టెడ్ ఓవర్‌రైడ్ అని మాత్రం మిగిలింది. ఎర్ర గీత పోయింది. మూడు వారాల కిందటా ఇలాగే పోయింది కాబట్టి, ఈసారి అతను మిఠాయి సంగతి తలుచుకోలేదు.

పరీక్షగా నొక్కి చూసుకునే వ్యవధి కూడా లేదు. కొత్త డబ్బాలో లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలైంది కాబట్టి ఆ రోజుకి ఇదే మొదటి నొక్కు. బాగ్చీ వచ్చి కూర్చున్నాడు, పన్నెండు దాటి అయిదు నిమిషాలకి ప్రసన్నకుమార్ అందరి ముందూ నొక్కాడు. తెర మీద నాలుగు. బల్ల కింద తల్లి దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. నాలుగో వరస, దాని మీద కూడా నాలుగు. అతని గుండె దిటవైంది. కిటికీలోంచి చీటీ వెళ్ళింది, తాత వంట ఆపేసి ఉంటాడు.

వాట్‌గంజ్‌లో అప్పుడే నాలుగు వందల ఇరవై భోజనాలూ చిన్న లారీలోకి ఎక్కాయి. అప్పలసూరి డ్రైవరు పక్కన కూర్చోబోతూ ఉండగా నాలుగో చీటీ మోగింది.

"నాలుగన్నాది మావయ్యా," అంది సత్యవేణి. "ఆపమన్నట్టే గదా?"

"రద్దని రాసుందేటి?"

సత్యవేణి చూసింది. "లేదు."

"లేదు గదా. అంటే ఇంకో నాలుగు. నాలుగొందల ఇరవై నాలుగు." అప్పలసూరి జగ్గమ్మ వైపు తిరిగాడు. "ఒలే, నాలుగు తగ్గాయి!"

సందంతా గొల్లుమంది. గుండిగలు అప్పటికే తోమేశారు. చివరికి సత్యవేణి పొద్దున్న చంకన పెట్టుకొచ్చిన చంటి పనసకాయ ఒక మూల కనబడింది. దాన్ని కొట్టి, పొట్టు తీసి, వండి, నాలుగు క్యారేజీలు వెనక ఆటోలో పంపారు.

లారీ ఒంటిగంటకి ఆఫీసు గుమ్మంలో ఆగింది. పై అంతస్తులో బాగ్చీ, "భాలో, ఖూబ్ భాలో. చాలా బాగుంది. ఇంక నాలుగు ప్లేట్లూ వచ్చేస్తే భోంచేద్దాం," అంటున్నాడు. కిటికీ దగ్గర నిలబడ్డ లక్ష్మీసౌజన్య కిందకి చూసి, ప్రసన్నకుమార్ చెవిలో, "లారీ వచ్చింది. కంపెనీ తరఫున అందరికీ విందని చెప్తం," అంది. అతను జవాబు చెప్పేలోపే తలుపు తెరుచుకుంది. ఉతికిన పంచె కట్టుకుని అప్పలసూరి లోపలికి వచ్చి, గదిలో కాస్త లావుగా ఉన్న మనిషే పెద్దవాడని పోల్చుకుని, నేరుగా బాగ్చీ ముందు కోడలి ఫోను పెట్టాడు.

"సరుకు దిగింది దాదా. నాలుగొందల ఇరవై నాలుగు, ఆఖరి నాలుగు వెనక ఆటోలో వస్తున్నాయి. లెక్క చూసుకుని సంతకం పెట్టండి." ఇదంతా చక్కని డాక్ బెంగాలీలో అన్నాడు.

బాగ్చీ ఫోను చూశాడు. నూట నలభై, నూట నలభై, నూట నలభై, నాలుగు. గోడ చూశాడు. నాలుగు. "వీటిలో ఏది నిజం?" అన్నాడు.

విందు అబద్ధం లక్ష్మీసౌజన్య పెదవుల దాకా వచ్చింది. ప్రసన్నకుమార్ తాత వంక చూశాడు. అంకె తప్పు చదివావని అన్న మనవడి కోసం, ఎండలో లారీ ఎక్కి వచ్చిన మనిషి. ఇంక దాచడానికి నోరు రాలేదు. పర్మనెంట్ కాగితం మీద ఆశ వదిలేసుకుని, ఎర్ర గీత చెరిపిన రోజు నుంచి మొదలుపెట్టి రెండు చార్ల దాకా అంతా చెప్పేశాడు. "తాత సరిగ్గానే చదివాడు సార్. తప్పు నాది."

అంతలో ఫోను మోగింది. రఘురాం. లక్ష్మీసౌజన్య కంగారులో స్పీకర్ నొక్కేసింది.

"కలకత్తావాళ్ళా? కొంప మునిగిందండీ! నా కొత్త డబ్బా వెళ్ళిన దగ్గర్నుంచి నాగపూర్‌లో, భువనేశ్వర్‌లో, కొచ్చిలో, అందరి తెరల మీదా పచ్చ హెచ్చరిక గీతలు. 'మీ పద్ధతి తల్లి పద్ధతిని కప్పుతోంది, ఓవర్‌రైడ్ మరిచారా' అని. ఇన్నాళ్ళూ కనబడని పద్ధతి ఇప్పుడు కనబడుతోంది కదా, అందుకు. అందరూ అదే తప్పు చేశారు! నాలుగు నెలలుగా నాగపూర్‌కి రోజూ నూట నలభై ప్లేట్లు వెళ్తుంటే, వంటవాళ్ళు దొంగలని ముగ్గురిని మార్చారట. ఈ సంగతి కనిపెట్టిన కుర్రాడు ఎవరు?"

అందరూ ప్రసన్నకుమార్ వైపు చూశారు. ప్రసన్నకుమార్ తాత వైపు చూశాడు. అప్పలసూరి మాత్రం బాగ్చీ వైపే చూస్తున్నాడు, సంతకం ఇంకా పడలేదు మరి.

బాగ్చీ సంతకం పెట్టాడు. తరవాత మూత తీసిన క్యారేజీ వాసన చూసి, "ఎంచోర్! లేత పనసకాయ! ఆవ పెట్టారా!" అని చేతులు కడుక్కోవడానికి లేచాడు. మిగతా భోజనాలు గేటు కాపలావాళ్ళూ, ఆఫీసు బస్సుల డ్రైవర్లూ, మూడు భవనాల గుమస్తాలూ ఫుట్‌పాత్ మీద వరసగా కూర్చుని తిన్నారు. రెండున్నరకి ఒక్క మెతుకు మిగల్లేదు. చివరి నాలుగు క్యారేజీలతో వచ్చిన ఆటో డ్రైవరు, ఇంక ఎవరూ అడగకపోవడంతో, వాటిలో ఒకటి తానే తిన్నాడు.

సాయంత్రం ప్రసన్నకుమార్ చేతికి కాగితం వచ్చింది. పర్మనెంట్. కింద ఇంకో ముక్క ఉంది, కలకత్తా డబ్బాతో పాటు మిగతా ఊళ్ళ డబ్బాలు సరిచేసే పని కూడా ఇకమీదట అతనిదే అని. జగ్గమ్మ ఆ కాగితం పట్టుకుని, ముందే చెప్పిన పదకొండు ఇళ్ళకీ మళ్ళీ వెళ్ళి, ముందు చెప్పినట్టు కాకుండా ఇప్పుడే వచ్చినట్టు చెప్పి వచ్చింది.

ఆదివారం ప్రసన్నకుమార్ తాతని ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటసేపు నచ్చజెప్పాడు. "చీటీయే దేవుడని అనుకోకు తాతా. అందులో కూడా తప్పులుంటాయి. మరీ ముఖ్యంగా నూట నలభై అని కనబడితే అది తల్లి డబ్బా పాత జబ్బు. అసలు నమ్మకు."

"నమ్మను," అన్నాడు అప్పలసూరి. నలభై ఏళ్ళ నమ్మకం వదులుకోవడం ఆ వయసులో అంత తేలిక కాదు. మనవడి కోసం వదులుకున్నాడు.

సోమవారం పొద్దున్న బాగ్చీ తన మొదటి భవనం క్యాంటీన్‌లో ఎంతమందికి ఆ పనసపొట్టు కూర కావాలో పేరుపేరునా అడిగి, ఆ అంకెని ప్రసన్నకుమార్ చేత రాతలో పెట్టించి, రెండుసార్లు సరిచూసుకుని, తన చేత్తోనే నొక్కాడు. ప్రసన్నకుమార్ రాత ఒక్క తప్పు లేకుండా పనిచేసింది. వాట్‌గంజ్‌లో ఫోను మోగింది, అప్పలసూరి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"ఎంతేటి?" అంది వసారాలోంచి జగ్గమ్మ.

"నూట నలభై," అని అప్పలసూరి నవ్వుకుని, ఫోను బోర్లా పెట్టి మళ్ళీ టీ అందుకున్నాడు. "నాలుగే వండు."